వేలిముద్రల వెనక ఫిర్యాదు: పిల్లల సంక్షేమం, ఫ్యామిలీ కోర్టు, మన తల్లులు

పిల్లల ‘సంక్షేమం’ గురించి ప్రభుత్వం దగ్గర వున్న కాగితాలన్నీ ఒకచోట పోగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తల్లి మీద రాసిన రిపోర్టులు వుంటాయి. ఆమె ఇల్లు ఎట్లా వుంది, ఎన్ని గదులు, మొగుడు తాగుతాడా లేదా, ఆమె ‘నడవడి’ ఏమిటి, నెలకి ఎంత సంపాదిస్తది - అన్నీ వుంటాయి. ఆ రిపోర్టు రాసిన వాళ్ళ మీద తల్లి చేసిన ఫిర్యాదు మాత్రం దొరకదు. ఫిర్యాదులు లేక కాదు. తండాలో, వాడలో, గూడెంలో ఎవరిని కదిలించినా అవి పుంఖానుపుంఖంగా వస్తాయి. అవి నోటి మీద వుండిపోయినయి, ఫైలెక్కలేదు. ఫైలెక్కింది మాత్రం ఒక వేలిముద్ర. ఆ వేలిముద్రకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుంటూ వచ్చారు.

ఈ వ్యాసంలో మేం ఆ వేలిముద్ర వెనక్కి వెళ్ళి చూడాలనుకుంటున్నాం. బిడ్డని పెంచే అర్హత ఎవరికుంది, ఎవరికి లేదు అని తేల్చే అధికారం ఎవరి చేతికి ఎట్లా వచ్చింది? ఆ తీర్పు మీద ఫిర్యాదు చెయ్యాలంటే తల్లి ఎక్కడికి పోవాలి? దళిత అధ్యయనాల పత్రికలో లంబాడా, ఎరుకల తల్లుల గురించి ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. జాబితాలు వేరైనా ‘పిల్లల్ని పెంచడం చేతకాని జనం’ అనే ముద్ర మాత్రం మాల మాదిగ వాడకీ, తండాకీ, ఎరుకల గుడిసెలకీ ఒకేరకంగా పడింది. ముద్ర ఒకటే అయినప్పుడు చరిత్రని విడివిడిగా రాసుకుంటే నష్టపోయేది మనమే.

నేరం రక్తంలో వుందన్న చట్టం

మామూలుగా మన దగ్గర పిల్లల సంక్షేమ చరిత్రని 1920 మద్రాసు బాలల చట్టంతో మొదలు పెడతారు. అది దయగల చట్టంగా పేరు తెచ్చుకుంది. మేం ఇంకొంచెం వెనక నుంచి, దయతో పనిలేని ఒక చట్టం నుంచి మొదలు పెడతాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. కొన్ని కులాలకి, సంచార జాతులకి నేరం పుట్టుకతోనే వస్తుందని ఆ చట్టం నమ్మకం. పుట్టుకతోనే వస్తుందని నమ్మాక బిడ్డ జోలికి రాకుండా వుండరు గదా. 1897లో చట్టాన్ని సవరించి, నాలుగేళ్ళు మొదలు పద్దెనిమిదేళ్ళ దాకా వయసున్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి విడిగా ‘సంస్కరణ’ సెటిల్మెంట్లలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. 1924 చట్టం 17వ సెక్షన్ కింద నేరస్థ జాతిగా ప్రకటించిన వాళ్ళ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో పెట్టొచ్చు.

ఆ బిడ్డ ఏదైనా తప్పు చేసిందా అన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు. తల్లి తప్పు చేసిందా అన్న ప్రశ్న కూడా లేదు. ఫలానా జాతిలో పుట్టడం ఒక్కటే చాలు. ఇక ఫిర్యాదు సంగతి చూస్తే, ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించిన నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదని చట్టమే రాసుకుంది. అంటే ఫిర్యాదు పుట్టకముందే దాని గొంతు నులిమేశారు.

మన దగ్గర దీనికి ఆనవాలు స్టూవర్టుపురం. బాపట్ల దగ్గర, 1913 ప్రాంతంలో, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో వున్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంట్ అది. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి అక్కడ పెట్టారు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పుస్తకంలో ఈ కథ వివరంగా వుంది. సంచారంగా ఉప్పూ ధాన్యం మోసుకుంటూ వ్యాపారం చేసుకునే జనానికి రైళ్ళూ, ప్రభుత్వ ఉప్పు విధానమూ బతుకుతెరువు లేకుండా చేసినయి. బతుకుతెరువు పోయిన వాళ్ళని దొంగలన్నారు. దొంగలన్నాక సెటిల్మెంట్‌లో పెట్టి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా తోలారు. సెటిల్మెంట్ నడిపిన సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ రాతల్లో ఇదంతా ప్రేమ, రక్షణ, సంస్కరణ. బిడ్డని వేరు చెయ్యడం కూడా బిడ్డ మంచికే. ఆ వాదన ఎక్కడో విన్నట్టుంది గదా! ఇప్పటికీ వింటూనే వున్నాం.

నిజాం రాజ్యంలోనూ కథ పెద్ద తేడాగా లేదు. లంబాడాలు ఎడ్లబళ్ళ మీద, ఎడ్ల మీద ధాన్యమూ ఉప్పూ మోసి సైన్యాలకి తిండి చేర్చిన జనం. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ పని పోయాక వాళ్ళనీ దొంగల జాబితాలోకి ఎక్కించిన తీరుని భంగ్యా భూక్యా నిజాంల కాలపు లంబాడాల మీద 2010లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు.

1952లో దేశమంతటా నేరస్థ జాతుల చట్టం రద్దయింది. మాటలు మాత్రం రద్దు కాలేదు. ఇవాళ అమల్లో వున్న 2015 బాలల న్యాయ చట్టంలో ‘రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డ’ అంటే ఎవరో చెప్పే నిర్వచనం తీసి చదవండి. మొట్టమొదటి మాటే ఇల్లూ స్థిరమైన నివాసమూ లేని, బతుకుతెరువు కనపడని బిడ్డ. తరవాత మాట అడుక్కుంటూనో, వీధుల్లో బతుకుతూనో, పని చేస్తూనో కనిపించిన బిడ్డ. ఆ తరవాతెక్కడో ‘అనర్హులైన’ తల్లిదండ్రులున్న బిడ్డ. ఈ చట్టం రాసినవాళ్ళకి పాత చట్టం రాసినవాళ్ళ బుద్ధి వుందని మేం అనడం లేదు. బాల కార్మికుల్ని, వీధి పిల్లల్ని కాపాడాలన్న నిజమైన ఆందోళన నుంచే ఇది వచ్చింది. అందులో మన ఉద్యమాల పాత్ర కూడా వుంది. అయినా స్థిరనివాసం లేకపోవడం, బతుకుతెరువు కనపడకపోవడం అనే రెండు గుర్తులూ పాత జాబితా నుంచి కొత్త జాబితాలోకి నడిచొచ్చినయి. పేదరికాన్ని వర్ణిస్తున్నామనుకుని ఒక జనాన్ని వర్ణించేశారు.

1984: ఒకే ఏడాది రెండు తలుపులు

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. మామూలు కోర్టుల్లో ఏళ్ళూపూళ్ళూ తిరగలేక, లాయర్ల ఫీజులు కట్టలేక, బోనులో నిలబడి అవమానపడలేక స్త్రీలు అడిగిన కోర్టు అది. ఆ కోరిక న్యాయమైందే. పది లక్షలు దాటిన నగరాల్లో తప్పనిసరిగా పెట్టాలన్నారు. పిల్లల కస్టడీ, గార్డియన్‌షిప్ దాని పరిధిలోకి వచ్చినయి. లాయరు పెట్టుకోవడం హక్కు కాదన్నారు (13వ సెక్షన్). సంక్షేమ సంస్థల్ని కోర్టుతో కలిపారు (5వ సెక్షన్), కౌన్సిలర్లని పెట్టారు (6వ సెక్షన్). అన్నిటికంటే ముఖ్యంగా, సాక్ష్య చట్టం ప్రకారం చెల్లినా చెల్లకపోయినా, కోర్టుకి పనికొస్తుందనిపిస్తే ఏ రిపోర్టునైనా సాక్ష్యంగా తీసుకోవచ్చన్నారు (14వ సెక్షన్).

పుస్తకంలో చదివితే ఇదంతా స్త్రీలకి వెసులుబాటే. ఇద్దరూ సమానంగా మాట్లాడగలిగినప్పుడు నిజంగానే వెసులుబాటు. మరి ఒకవైపు ఉద్యోగం, చదువు, కోర్టు భాష వచ్చిన మొగుడు, రెండోవైపు కూలికి పోయే దళిత స్త్రీ నిలబడితే? లాయరు లేకపోవడం ఎవరికి లాభం? కౌన్సిలర్ ఇంటికొచ్చి ‘వాతావరణం బిడ్డకి అనుకూలంగా లేదు’ అని ఒక్క ముక్క రాస్తే, ఆ ముక్కని అడ్డ ప్రశ్నలతో నిలదీసేది ఎవరు? ఒకే గది, పక్కన బస్తీ, తల్లి పొద్దున్నే పనికి పోతది, ముసలమ్మ చూసుకుంటది - మన ఇళ్ళల్లో పిల్లలు పెరిగే తీరే ఇది. రిపోర్టు భాషలో అది లోపం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం గార్డియన్ ‘నడవడి, సామర్థ్యం’ చూడమంటుంది. ఆ రెండు మాటల్లోకీ కులం ఎంత సులువుగా దూరుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నియమాలు సడలించడం వల్ల బలహీనులకి మేలు జరుగుతుందని అప్పట్లో మనం కూడా నమ్మాం. నియమాలు సడలిన చోట రిపోర్టు రాసేవాడే రాజు అవుతాడని ఆలస్యంగా తెలిసొచ్చింది.

అదే 1984 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో తీర్పిచ్చింది. విదేశాలకి దత్తత పేరుతో పోతున్న పిల్లల గతి ఏమవుతోందని ఒక లాయరు రాసిన ఉత్తరంతో మొదలైన కేసు. జస్టిస్ భగవతి రాసిన ఆ తీర్పులో మంచి మాటలు చాలా వున్నాయి. బిడ్డ పుట్టకముందే తల్లితో ఒప్పుకోలు తీసుకోకూడదు, దత్తతలో ఏముందో ఆమెకి తెలియజెప్పాలి, ఆమె తన బిడ్డని తన దగ్గరే వుంచుకునేలా ముందు సాయం చెయ్యాలి, స్వతంత్ర సంస్థ ఒకటి కాగితాలు పరిశీలించాలి. ఇవన్నీ అవసరమైనవే. ఆ తీర్పులోనే ఇంకో ఏర్పాటు కూడా వుంది. విచారణ మూసిన గదిలో జరగాలి, గార్డియన్‌షిప్ దరఖాస్తు గురించి పేపర్లో ప్రకటన వెయ్యకూడదు. కన్నవాళ్ళకి పెంచుకునేవాళ్ళ పేరు తెలిస్తే తరవాత ఇబ్బంది పెడతారన్న భయమే దీనికి కారణం. కన్నతల్లిని కాపాడడానికి నియమాలు రాసిన చేత్తోనే ఆమెని కోర్టు గది బయట నిలబెట్టారు. దేవరకొండకి దారి అక్కడే పడింది.

దేవరకొండ

1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాద్ దత్తత సంస్థల మీద పోలీసులు దాడులు చేశారు. నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట చుట్టుపక్కల తండాల నుంచి తెచ్చిన ఆడ పసికందులు వాటిల్లో దొరికారు. తల్లులకి ముట్టింది కొన్ని వందలో, కొన్ని వేలో. విదేశీ దంపతులు కట్టింది డాలర్లలో. నడుమ మధ్యవర్తులు, వాళ్ళ కింద తండాల్లో తిరిగే ఏజెంట్లు. కాగితాలన్నీ సక్రమంగానే వున్నాయి. ప్రతి బిడ్డకీ ఒక వదులుకోలు పత్రం, రెలింక్విష్‌మెంట్ డీడ్ వుంది. కింద వేలిముద్ర వుంది. చట్టం అడిగింది అంతే.

మేం సంస్థల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పేర్లతో చర్చ దారి తప్పుతుంది, నలుగురు దొంగల్ని పట్టుకుంటే పని అయిపోయినట్టు అవుతుంది. ఆలోచించాల్సింది ఆ పత్రం గురించి. గోర్‌బోలి మాట్లాడే తల్లి, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన తల్లి, ఇంగ్లీషులోనో ఆఫీసు తెలుగులోనో రాసిన పత్రం మీద వేలిముద్ర వేస్తే, ఆమె దేనికి ఒప్పుకున్నట్టు? బిడ్డ మంచిగ పెరుగుతది, అప్పుడప్పుడు చూడొచ్చు అని ఏజెంటు నోటితో చెప్పిన మాటకా, ఇక జన్మలో ఈ బిడ్డకీ నీకూ సంబంధం లేదని కాగితం మీద వున్న మాటకా? దత్తత అంటే బంధువులింట్లోనో కులంలోనో బిడ్డ పెరగడం, కన్నతల్లి కంటి ముందే తిరగడం - మన జనానికి తెలిసిన దత్తత అది. సంబంధం మొత్తం తెగిపోయే దత్తత తండాకి తెలిసిన సంగతి కాదు. మాట ఒకటే, అర్థాలు రెండు. కోర్టులో రెండో అర్థమే చెల్లింది.

ఆ పత్రం తీసుకుని సంస్థ గార్డియన్‌షిప్ కోసం కోర్టుకి పోతుంది. సంస్థే బిడ్డ తరఫున మాట్లాడుతుంది. పరిశీలనా సంస్థ కాగితాలు చూస్తుంది, కాగితాలు బాగానే వుంటాయి. జడ్జి కూడా కాగితాలే చూస్తారు. తల్లికి నోటీసు లేదు, పేపర్లో ప్రకటన లేదు, తలుపు మూసి వుంది. ఇంతమంది చేతులు మారిన ఈ వ్యవహారంలో ఒక్క మనిషి కూడా తండాకి పోయి ‘అమ్మా, నీకిది తెలిసే చేసినవా’ అని అడగాల్సిన అవసరం రాలేదు. అందుకే మేం దీన్ని కొందరి మోసం అని మాత్రమే చూడలేకపోతున్నాం. మోసగాడు లేకపోయినా ఆ యంత్రం అట్లాగే తిరిగేది.

ఇక బయట లోకం ఏమంది? ‘తల్లులు బిడ్డల్ని అమ్ముకుంటున్నారు’ అంది. పత్రికల్లో ఆ శీర్షికలే. ఒక కాలపు పోలిక ఇక్కడ చెప్పకుండా వుండలేం. 1999 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో తల్లి కూడా బిడ్డకి సహజ గార్డియనే అని చెప్పింది. రచయిత్రి తన కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం అడిగారు, ఆమె కొట్లాడి గెలిచింది. అది మంచి తీర్పే, అందరు తల్లులకీ వర్తించే తీర్పే. అదే ఏడాది దేవరకొండ తల్లి గార్డియన్‌గా గుర్తింపు పొందింది బిడ్డని వదులుకునే పత్రం మీద వేలిముద్ర వెయ్యడానికి మాత్రమే. వదులుకోవడానికి ఆమెకి అధికారం వుంది. అడగడానికి లేదు.

మన లోపలి మాట కూడా చెప్పుకోవాలి. పోయిన బిడ్డలందరూ ఆడపిల్లలే ఎందుకయ్యారు? గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి 2001లో దక్షిణ తెలంగాణ లంబాడాల మీద చేసిన అధ్యయనం ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఒకప్పుడు లంబాడాల్లో పెళ్ళికొడుకు వాళ్ళే పిల్లకి ఓలి ఇచ్చేవాళ్ళు. ఆడపిల్ల పుడితే బరువు కాదు. కొన్ని దశాబ్దాల్లో అది తిరగబడి కట్నం అయింది. భూమి కరువు, నీళ్ళ కరువు, వలస ఒకవైపు, చుట్టూ వున్న హిందూ కులాల మర్యాదలు నేర్చుకోవడం ఇంకోవైపు. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టేసరికి ఇంట్లో ఆమెకి చోటు లేకుండా చేసింది అత్తమామలు, మొగుడు, కొన్నిసార్లు తల్లే. దీన్ని మేం దాచిపెట్టదలుచుకోలేదు. కొందరు తల్లులు తెలిసే ఇచ్చారు. ఈడ చచ్చిపోయేకంటే ఎక్కడో బతుకుతది అని ఇచ్చారు. అయితే తెలిసి ఇచ్చిన తల్లికీ, తెలియక ఇచ్చిన తల్లికీ కాగితం ఒకటే కావడంలోనే అన్యాయం వుంది. ఏది ఏదో తేల్చే మనిషి మధ్యలో లేడు.

‘అమెరికాలో మంచి బతుకు దొరుకుతుంటే మీరెందుకు అడ్డం’ అని అప్పట్లో మర్యాదస్తులైన పెద్దమనుషులు అడిగారు. నిజమే, ఆ బిడ్డల్లో చాలామందికి ప్రేమగా చూసుకునే ఇళ్ళు దొరికి వుండొచ్చు. పెంచుకున్న వాళ్ళ మీద మాకు కోపం లేదు, వాళ్ళకీ అబద్ధాలే చెప్పారు. అయితే ఆ వాదనని చివరిదాకా లాగి చూడండి. మంచి బతుకు ఇవ్వలేని ప్రతి తల్లి దగ్గర నుంచీ బిడ్డని తీసుకోవచ్చు అని తేలుతుంది. అప్పుడు వాడ మొత్తం ఖాళీ చెయ్యాలి. స్టూవర్టుపురంలో చెప్పింది కూడా ఇదే.

దాడుల తరవాత పిల్లల్ని హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ శిశువిహార్‌కి తరలించారు. ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వ సంస్థకి. పసికందులు ఇరుకు గదుల్లో, చాలీచాలని ఆయాల చేతుల్లో పడ్డారు. దత్తత కోసం కాగితాలు పెట్టుకున్న దంపతులు కోర్టుల చుట్టూ తిరిగారు, సంస్థలు తిరిగాయి, సర్కారు తిరిగింది. ఏళ్ళ తరబడి వాదనలు. ఆ వాదనల్లో ‘బిడ్డ శ్రేయస్సు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ‘తల్లిని పిలిపించండి’ అన్న మాట ఆ హోరులో వినపడలేదు.

నిషేధం ఏం చేసింది

2001 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల అన్న కారణాల మీద తల్లిదండ్రులు బిడ్డని వదులుకోవడం ఇక చెల్లదంది. ఆ నిర్ణయాన్ని అప్పుడు మనవాళ్ళు చాలామంది స్వాగతించారు. అమ్మకానికి అడ్డుకట్ట పడుతుందనుకున్నారు. కొంత పడింది కూడా.

అయితే వదులుకోవడాన్ని నిషేధించారే గానీ, వదులుకునే పరిస్థితిని నిషేధించలేకపోయారు. పత్రం రాయించుకుని ఇచ్చే దారి మూసేస్తే ముళ్ళపొదల్లో, ఆస్పత్రి మెట్ల మీద, బస్టాండులో వదిలేసే దారి మిగిలింది. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ పెద్ద తేడా వుంది. వదులుకున్న తల్లికి మనసు మార్చుకునే గడువంటూ ఒకటి వుంటుంది, 2000 చట్టంలో రెండు నెలలు ఇచ్చారు, ఇప్పటి చట్టంలోనూ రెండు నెలలే. వదిలేసిన తల్లికి పేరే వుండదు. పేరు లేని తల్లికి గడువేమిటి, ఫిర్యాదేమిటి? పైగా ఆమె నేరస్థురాలు. మోసపోయిన తల్లిని కాపాడబోయి ఆమెని పూర్తిగా మాయం చేశారని మా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని మిత్రులున్నారు, వాళ్ళతో వాదన కొనసాగాల్సిందే.

బిడ్డ సంగతి చూద్దాం. తల్లి పేరు లేని బిడ్డకి తెగ పేరు కూడా వుండదు. మన రాష్ట్ర బీసీ జాబితాలో, ఎ గ్రూపులో, చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని దిక్కులేక అనాథాశ్రమాల్లో చేరిన పిల్లల్ని చేర్చారు. ఆ ఏర్పాటు చేసింది మంచికే. కానీ తండాలో పుట్టిన పిల్ల ఎస్టీగా పుట్టి, అనాథగా నమోదై, బీసీ-ఎ గా పెరగొచ్చు. కులం పోవాలని కోరుకునే వాళ్ళం మనం. ఇట్లా పోవాలని మాత్రం కోరుకోలేదు.

2015 చట్టం 35వ సెక్షన్ మళ్ళీ వదులుకునే దారి తెరిచింది. ఈసారి సంస్థ ముందు కాదు, బాలల సంక్షేమ సమితి ముందు. ‘శారీరక, మానసిక, సామాజిక కారణాల’ వల్ల తమ చేతుల్లో లేని పరిస్థితుల్లో వున్న తల్లిదండ్రులు బిడ్డని అప్పగించొచ్చు. మూడు కారణాలు చెప్పారు. నాలుగోది, ‘ఆర్థిక’ అన్నది లేదు. పేదరికం కారణంగా బిడ్డని తీసుకోం అని గట్టిగా చెప్పడానికి అట్లా రాశారనుకుందాం. అట్లయితే పేదరికం కారణంగా బిడ్డని పెంచలేని తల్లికి ఏం ఇస్తారు? 2022 నుంచి మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ పేరుతో నెలకి 4000 రూపాయలు వుంది. ఆ డబ్బు సంగతి ఎన్ని తండాలకి తెలుసో, ఈ పత్రిక చదివే కార్యకర్తలు తమ తమ మండలాల్లో అడిగి చూడాలి. దత్తత గురించి చెప్పే పోస్టర్ వున్న ఆఫీసులో స్పాన్సర్‌షిప్ గురించి చెప్పే పోస్టర్ వుందా అని కూడా చూడాలి.

దూరదేశపు పోలిక

ఈ ఫిర్యాదు మన ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని దశాబ్దాల తరబడి తల్లుల దగ్గర నుంచి లాక్కున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణతో కోర్టు విచారణ కూడా అక్కర్లేకుండా చేశారు. 1997లో అక్కడి మానవహక్కుల కమిషన్ తల్లుల, పిల్లల నోటిమాటలు సేకరించి నివేదిక ఇచ్చింది, 2008 ఫిబ్రవరిలో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మన స్టూవర్టుపురం పిల్లలకి అట్లాంటి క్షమాపణ ఎవరూ చెప్పలేదు. చెప్పాలని మనం అడిగింది కూడా తక్కువే.

అమెరికా ఉదాహరణ మనకి ఇంకా పనికొస్తుంది. అక్కడి మూలవాసుల పిల్లల్లో 25 నుంచి 35 శాతం మంది ఇళ్ళ నుంచి వేరైపోయారని 1969, 1974 సర్వేల్లో తేలింది. తెగలు పోరాడి 1978లో ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ చట్టం తెచ్చుకున్నాయి. అందులో ఒప్పుకోలు గురించి రాసిన సెక్షన్‌ని మన వదులుకోలు పత్రం పక్కన పెట్టి చదవాలి. తల్లి ఒప్పుకోలు జడ్జి ముందే ఇవ్వాలి. ఆమెకి అర్థమయ్యే భాషలో వివరంగా చెప్పామని, ఆమెకి పూర్తిగా అర్థమైందని జడ్జి స్వయంగా ధ్రువీకరించాలి. బిడ్డ పుట్టిన పది రోజుల లోపు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదు. చివరి ఆర్డరు వచ్చేదాకా ఆమె ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు. బలవంతంగా బిడ్డని తీసుకునే కేసుల్లో తెగకి నోటీసు పోవాలి. బిడ్డని ఇవ్వాల్సి వస్తే ముందు బంధువులకి, తరవాత తెగలో వాళ్ళకి, ఆ తరవాత వేరే తెగ వాళ్ళకి. ఈ చట్టం జాతి వివక్ష అని కొందరు కోర్టుకెక్కితే 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సవాలుని తోసిపుచ్చింది.

ఆ చట్టం వచ్చాక అక్కడ అంతా బాగుపడిందని కాదు. నల్లజాతి తల్లుల మీద అదే సంక్షేమ యంత్రం ఎట్లా పని చేస్తోందో డొరతీ రాబర్ట్స్ 2001లోనూ, మళ్ళీ 2022లోనూ పుస్తకాలు రాయాల్సి వచ్చింది. కానీ భాష అన్న ఒక్క సంగతి చూడండి. తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పామని జడ్జి సంతకం పెట్టాలన్న ఒక్క నియమం 1999లో మన దగ్గర వుంటే, దేవరకొండ పత్రాల్లో ఎన్ని కోర్టు గడప దాటేవి?

ఫిర్యాదు చేసే చోటు

ఇప్పుడు ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో చూద్దాం. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుకి అప్పీలు వుంది, 30 రోజుల్లో. తీర్పు కాపీ చేతికొచ్చి, అది చదివి చెప్పే మనిషి దొరికి, హైదరాబాదో అమరావతో పోయేసరికి 30 రోజులు ఏపాటివి? బాలల సంక్షేమ సమితి మీద ఫిర్యాదు అయితే కలెక్టర్ వినాలని 2015 చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. బిడ్డతో సంబంధం వున్న ఎవరైనా చెయ్యొచ్చు. ఇది మంచి ఏర్పాటు. తల్లి ఒక్కతే కానక్కర్లేదు, అమ్మమ్మ చెయ్యొచ్చు, మేనమామ చెయ్యొచ్చు. సోమవారం ప్రజావాణికి పింఛను కోసం, పట్టా కోసం పోయే జనంలో ఈ సెక్షన్ గురించి తెలిసిన వాళ్ళు ఎంతమంది?

సమితిలో అధ్యక్షులు, నలుగురు సభ్యులు. వాళ్ళలో ఒక స్త్రీ తప్పనిసరి, పిల్లల విషయాల్లో నిపుణులు ఒకరు వుండాలి. దళితులో ఆదివాసులో ఒక్కరైనా వుండాలని ఎక్కడా లేదు. వాళ్ళ ముందుకొచ్చే పిల్లలు ఎక్కువగా ఏ వాడల నుంచి వస్తారో అందరికీ తెలుసు. ఒక జిల్లాలో అయినా సమితి సభ్యుల కులాలూ, వాళ్ళ ముందుకొచ్చిన పిల్లల కులాలూ పక్కపక్కన రాసి చూసే పని మన విద్యార్థులు ఎవరైనా చేపట్టాలి. సమాచార హక్కు చట్టం వుంది గదా.

2021లో చట్టం మారింది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డర్లు కోర్టు ఇవ్వదు, కలెక్టరే ఇస్తాడు. కోర్టుల్లో కేసులు పేరుకుపోయి బిడ్డలు హోముల్లో ఏళ్ళు గడుపుతున్నారని దీనికి చెప్పిన కారణం. ఆ కారణంలో నిజం వుంది. కానీ సమితి మీద ఫిర్యాదు వినాల్సింది కూడా ఆ కలెక్టరే. బిడ్డని ఇచ్చే సంతకమూ, బిడ్డని ఎందుకు ఇచ్చారని అడిగే తల్లి అర్జీ మీద సంతకమూ ఒకే చేతివి. ఆ కలెక్టరు మంచివాడైతే ఏ ఇబ్బందీ లేదంటారు. మంచివాడి మీద ఆధారపడే హక్కుని హక్కు అనొచ్చా అని మా సందేహం.

1999, 2001లో విదేశాలకి పోయిన, శిశువిహార్‌లో పెరిగిన ఆడపిల్లలు ఇప్పుడు ఇరవై అయిదేళ్ళు దాటిన స్త్రీలు. దత్తత నిబంధనల్లో ‘మూలాల వెతుకులాట’ అని ఒక ఏర్పాటు వుంది. పెద్దయిన బిడ్డ తన కన్నవాళ్ళ సమాచారం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడో మనిషి పెట్టుకోవడానికి వీల్లేదు. కన్నతల్లి తన బిడ్డని వెతుక్కోవడానికి ఆ నిబంధనల్లో ఏ దరఖాస్తూ లేదు. చందంపేట తండాల్లో ఆ తల్లులు కొందరు ముసలివాళ్ళయ్యారు. వాళ్ళు చెప్పేది వాళ్ళ భాషలో, వాళ్ళు చెప్పినట్టే రాసి పెట్టే పనిని ఎవరైనా మొదలు పెడితే దానికి మేం తోడుంటాం. కలెక్టరాఫీసులో ఆ అర్జీ తీసుకునే కౌంటర్ వున్నా లేకపోయినా.